అంతర్జాతీయ వ్యవహారాల్లో మాస్టర్స్‌కి పూర్తి స్కాలర్‌షిప్: అనుభవం తక్కువున్నవాళ్లు దేనికి రాయాలి?

వలసపక్షి_21

అందరికీ నమస్కారం. నేను పొలిటికల్ సైన్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. వయసు 21. అంతర్జాతీయ వ్యవహారాల్లో మాస్టర్స్ చేసి, వలస కార్మికుల హక్కుల మీద పనిచేయాలని ఉంది. ఇంట్లో సొంత డబ్బు పెట్టి పంపే పరిస్థితి లేదు. అప్పు చేసి వెళ్లడం నాకే ఇష్టం లేదు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్తాను.

14 నెలలుగా ఒక న్యాయసహాయ కేంద్రంలో వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. వారానికి సుమారు 10 గంటలు. పరాయి దేశానికి ఇంటిపనికి వెళ్లి, ఇబ్బందులు పడి తిరిగొచ్చిన ఆడవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లు చెప్పింది విని ఫారాలు నింపడం, ఫిర్యాదు ఉత్తరాలు రాయడం నా పని.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవనింగ్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్, ఎరాస్మస్ ముండుస్, రోటరీ పీస్ ఫెలోషిప్, ష్వార్జ్‌మన్ అంటూ దొరికిన పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసుకున్నాను. మొత్తం 23 అయ్యాయి. అది తెరిస్తే చాలు టెన్షన్ వచ్చేస్తోంది. నాలాంటిదాన్ని వీటిలో దేనికి తీసుకుంటారు? వాలంటీర్ పని అనుభవం కింద లెక్కకొస్తుందా? వ్యాసం ఎలా మొదలుపెట్టాలి? ప్రస్తుతానికి నా మొదటి వాక్యం ఇది: "చిన్నప్పటి నుంచి ప్రపంచానికి సేవ చేయాలన్నది నా కల." ఇలా రాయొచ్చా?

శిబిరం_డైరీ

చెల్లీ, ముందు ఆ షీటు మూసెయ్. 23 పేర్లు ఒకేసారి చూస్తే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. నేను రెండేళ్లు వరసగా రాసి పోగొట్టుకుని, మూడో ఏడు దక్కించుకున్నాను. ఇప్పుడు నిర్వాసితుల నమోదు మీద పనిచేస్తున్నాను. నాకు వచ్చిందేమిటో పేరు చెప్పను కానీ, రాసినవన్నీ దగ్గరగా చూశాను కాబట్టి తెలిసింది చెప్తాను.

నీ అనుభవం సంగతి ముందు తేల్చుకుందాం. చెవనింగ్‌కి రెండేళ్ల పని అనుభవం కావాలి. దాన్ని వాళ్లు గంటల్లో కొలుస్తారు, 2,800 గంటలు. వారానికి 35 గంటల చొప్పున ఏడాదికి 40 వారాలు, అలా రెండేళ్లు అన్నమాట. జీతమున్న ఉద్యోగం, ఇంటర్న్‌షిప్, వాలంటీర్ పని అన్నీ ఇందులో కలుస్తాయి. డిగ్రీ చదువుతూ చేసినవి లెక్కకొస్తాయో లేదో మాత్రం ఆ ఏడాది నిబంధనల్లో చూసుకో. వస్తాయనే అనుకుందాం. నీ 14 నెలలు అంటే దాదాపు 60 వారాలు, వారానికి 10 గంటలు వేసుకుంటే 600 గంటలు. ఇంకా 2,200 కావాలి. డిగ్రీ అయ్యాక పూర్తికాలం ఉద్యోగంలో చేరితే సుమారు 14, 15 నెలల్లో ఆ లెక్క నిండుతుంది. అంటే చెవనింగ్ నీకు ఈ ఏడాది మాట కాదు, వచ్చే ఏడాదీ కాకపోవచ్చు. అయినా ఆ గంటలు ఇప్పటి నుంచే ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఎవరి కింద పనిచేశావు. మూడేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయాలంటే చాలా కష్టం.

రోటరీ పీస్ ఫెలోషిప్ ఇంకా దూరం. దాని మాస్టర్స్‌కి పూర్తికాలం పనిచేసిన మూడేళ్ల అనుభవం అడుగుతారు. చదువుతూ ఉన్నవాళ్లు రాయడానికి వీల్లేదు. ఆ పథకం 1999లో మొదలైంది, మొదటి బృందం 2002లో చేరింది. స్వీడన్‌లోని ఉప్సలా, బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, టోక్యోలోని ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ లాంటి చోట్ల చదివిస్తారు. ఫీజు, వసతి, రానుపోను ప్రయాణం, మధ్యలో క్షేత్రస్థాయి పనికయ్యే ఖర్చు, అన్నీ వాళ్లే పెట్టుకుంటారు. శాంతి, సంఘర్షణ మీద పనిచేసేవాళ్లకి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. ఒక్క షరతు చాలామంది చూసుకోరు: అమ్మో నాన్నో రోటరీ సభ్యులైతే పిల్లలకి అర్హత ఉండదు.

మరి ఈ ఏడాది నీకు ఏముంది? నన్నడిగితే ఎరాస్మస్ ముండుస్. 2004 నుంచి నడుస్తున్న యూరోపియన్ యూనియన్ పథకం. కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు. ఎంపికైతే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, గరిష్ఠంగా 24 నెలలు. చాలా కోర్సుల్లో ఉద్యోగ అనుభవం తప్పనిసరి కాదు. దరఖాస్తు ఒకే చోట పెట్టడం ఉండదు. ఒక్కో కోర్సుని కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి, ఆ కోర్సుకే నేరుగా రాయాలి. వలసల మీద జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ముందుండి మొదలుపెట్టిన ఎమ్మిర్ అనే కోర్సు లాంటివి నీ పనికి దగ్గరగా ఉంటాయి. ఏటా కోర్సుల జాబితా మారుతుంటుంది కాబట్టి ఈ ఏడాది జాబితా తెరిచి, "వలస", "శ్రమ", "మానవ హక్కులు" అని ఉన్నవి మాత్రమే చూడు. గడువులు ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల పడతాయి.

ష్వార్జ్‌మన్‌కి కూడా నువ్వు రాయొచ్చు. బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది మాస్టర్స్, 18 నిండి 29 నిండనివాళ్లకి, ఖర్చంతా వాళ్లదే. 2016లో మొదటి బృందం చేరింది. కానీ అక్కడ చైనా గురించి ఎందుకు చదవాలనుకుంటున్నావో గట్టిగా చెప్పగలగాలి. పేరు పెద్దదని మాత్రం రాయకు. నీ విషయానికి అది అతకదని నాకనిపిస్తోంది.

ఇంకొకటి, చాలామంది దృష్టికి రానిది. స్కాలర్‌షిప్ ఎప్పుడూ విడిగానే ఉండాలని లేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పబ్లిక్ అండ్ ఇంటర్నేషనల్ అఫైర్స్ స్కూల్ తన రెండేళ్ల ఎంపీఏ (పబ్లిక్ అఫైర్స్‌లో మాస్టర్స్) విద్యార్థులకి, ఏ దేశం వాళ్లయినా, పూర్తి ట్యూషన్ ఇస్తుంది. సీట్లు చాలా తక్కువ, పని అనుభవం ఉన్నవాళ్లకే మొగ్గు. పారిస్‌లోని సియాన్స్ పో అనే విశ్వవిద్యాలయంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల కోసం ఎమిల్ బూత్మీ స్కాలర్‌షిప్ ఉంది. అంటే ఏ స్కూలుకి రాసినా, "మీ దగ్గర సొంత సాయం ఏముంది, దానికి వేరే ఫారం ఉందా, గడువు అడ్మిషన్ గడువు కన్నా ముందా?" అని మెయిల్ పెట్టి అడుగు. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఇక వ్యాసం. నీ మొదటి వాక్యం మార్చమని చెప్తే నొచ్చుకోకు. నేనూ అచ్చం అలాగే మొదలుపెట్టాను, రెండుసార్లు. మూడోసారి ఏం మారిందో చెప్తాను.

వరదలప్పుడు ఒక పునరావాస శిబిరంలో నమోదు పని చేశాను. పెద్ద రిజిస్టర్, గట్టి అట్ట, నీళ్లు తగిలి అంచులు ఉబ్బిపోయి ఉండేది. అందులో మొదటి గడి "కుటుంబ యజమాని పేరు". ఎదురుగా ఒకామె ఇద్దరు పిల్లలతో నిలబడింది. భర్త వరదలో తప్పిపోయాడు. చనిపోయాడని రాయడానికి కాగితం లేదు, బతికున్నాడని రాస్తే సరుకులు ఆయన వేలిముద్రకే ఇస్తారు. ఆమె పేరు రాయడానికి అందులో చోటే లేదు. పక్కన ఉన్న ఖాళీలో పెన్సిలుతో నిలువు గీత గీసి, "ప్రస్తుతం సరుకులు తీసుకునేవారు" అని ఒక గడి చేశాను. సాయంత్రానికి ఆ గడిలో 11 పేర్లు చేరాయి, అన్నీ ఆడవాళ్లవే. మరుసటి రోజు శిబిరం బాధ్యురాలు మిగతా మూడు రిజిస్టర్లలోనూ అదే గీత గీయించారు.

నా మూడో వ్యాసం ఆ పెన్సిలు గీతతో మొదలైంది. దాని తర్వాత ఒకే ప్రశ్న: శిబిరంలో ఎవరిని మనిషిగా లెక్కేస్తారన్నది ఫారం తయారుచేసేవాడు నిర్ణయిస్తుంటే, ఆ ఫారాలు ఎక్కడ తయారవుతాయి, వాటిని మార్చే అధికారం ఎవరిది? ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే ఈ చదువు కావాలి అని రాశాను. మొదటి రెండేళ్లూ నా వ్యాసాల్లో "నాయకత్వం" అన్న మాట తొమ్మిదేసి సార్లు ఉంది. మూడోసారి ఒక్కసారి కూడా లేదు.

నువ్వు ఫారాలు నింపుతున్నానన్నావు. ఆ ఫారాల్లోనే నీ వ్యాసం ఉంది. ఏ గడి దగ్గర ఆగిపోతున్నావు? ఏ ప్రశ్నకి వాళ్లు జవాబు చెప్పలేకపోతున్నారు? అది రాసి ఇక్కడ పెట్టు, చూస్తాను.

చివరగా గడువు. నా మొదటి ఏడాది దరఖాస్తు చదివినవాళ్లే లేరు, ఎందుకంటే అది చేరలేదు. గడువు రాత్రి 12 అనుకున్నాను. అది గ్రీనిచ్ కాలమానంలో మధ్యాహ్నం 12. రాత్రి భోంచేసి తీరిగ్గా కూర్చుని తెరిస్తే పోర్టల్ మూసి ఉంది. ఆ రాత్రి నాకింకా గుర్తే. అందుకే గడువు తేదీ పక్కన గంట, ఏ కాలమానమో రాసుకో. దానికి మూడు రోజుల ముందే పంపెయ్.

నల్లబల్ల_మాస్టారు

అమ్మాయ్, పైన శిబిరం_డైరీ గారు చెప్పినవి బాగున్నాయి. నేను సిఫారసు లేఖల గురించి మాత్రమే చెప్తాను. అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తాను, ఏడాదికి పదిహేను ఇరవై లేఖలు రాస్తుంటాను.

విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు: గడువుకి నాలుగు రోజుల ముందు వచ్చి "సార్, ఒక లెటర్ కావాలి" అంటారు. అప్పుడు నేను రాయగలిగేది "ఈమె తెలివైనది, క్రమశిక్షణ కలది, కష్టపడే స్వభావం కలది" అనే. ఆ మూడు మాటలూ అందరి లేఖల్లోనూ ఉంటాయి. చదివేవారికి వాటివల్ల ఒక్క విషయమూ తెలియదు.

ఒక లేఖ సంగతి చెప్తాను. భద్రతామండలిలో ఓటింగ్ గురించి పాఠం చెప్తున్నాను. 15 మంది సభ్యులు, తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు, అయిదుగురు శాశ్వత సభ్యుల్లో ఎవరూ వీటో చేయకూడదు అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో 27వ అధికరణం మూడో క్లాజులో శాశ్వత సభ్యుల ఓట్లు కలిసి రావాలని ఉంది కదా, మరి వాళ్లలో ఒకరు ఓటు వేయకుండా ఊరుకుంటే తీర్మానం ఎలా నెగ్గుతోంది?" అంది. నేను "అది ఆచారంగా వస్తోంది" అని ముగించేశాను. ఆ అమ్మాయి ఊరుకోలేదు. మర్నాడు నమీబియా విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 1971లో ఇచ్చిన సలహా అభిప్రాయాన్ని అచ్చు తీసుకుని వచ్చింది. శాశ్వత సభ్యులు ఓటింగ్‌కి దూరంగా ఉండటం తీర్మానానికి అడ్డు కాదన్న ఆచారాన్ని ఆ కోర్టు అంగీకరించిన పేరా కింద గీత గీసి ఉంది. మూడేళ్ల తర్వాత ఆ అమ్మాయి లేఖ అడిగినప్పుడు నాకు కొత్తగా ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఈ సంఘటన మొత్తం రాసి సంతకం పెట్టాను.

అందుకని, లేఖ అడగబోయే గురువు దగ్గరికి కనీసం నెల ముందు వెళ్లు. ఒక పేజీ కాగితం తీసుకెళ్లు. ఆయన క్లాసులో నువ్వు చేసిన రెండు పనులు, ఆయన దిద్దిన పేపరు ఒకటి, నీ వ్యాసం చిత్తుప్రతి, గడువు తేదీ. లేఖలో ఏం రాయాలో చెప్పకు, గుర్తుచేస్తే చాలు. నీకు పెద్ద హోదా ఉన్నవారితో పరిచయం లేకపోయినా దిగులు పడకు. నిన్ను రెండుసార్లు చూసిన వైస్ ఛాన్సలర్ లేఖ కన్నా, 14 నెలలు నీ పని చూసిన న్యాయసహాయ కేంద్రం లాయరు లేఖకే బలం ఎక్కువ.

ఎవరైనా "నువ్వే రాసుకు రా, సంతకం పెడతాను" అంటే మర్యాదగా వద్దను. నా సహోద్యోగుల్లోనూ అలా చేసేవాళ్లున్నారు, నాకు బాధగా ఉంటుంది. ఒకే చేతి రాతలో వ్యాసమూ లేఖా రెండూ ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. పైగా అది నిజాయితీ కాదు.

వలసపక్షి_21

సార్, అక్కా, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఆ 600 గంటల లెక్క చూశాక తల కాస్త తేలికైంది. ఇన్నాళ్లూ నాకేమీ లేదనుకున్నాను.

అక్కా, నువ్వు చెప్పినట్టే నిన్న కేంద్రంలో కూర్చుని పాత ఫారాలు తిరగేశాను. మా ఫారంలో 6వ ప్రశ్న, "ఒప్పందం ప్రకారం జీతం ఎంత?" అని. నేను నింపినవాటిలో ఎక్కువ ఫారాల్లో అక్కడ "తెలియదు" అనే ఉంది. వాళ్లు సంతకం పెట్టిన కాగితం వాళ్లకి చదవడం రాని భాషలో ఉంటుంది. చేతిలో ప్రతి కూడా ఉండదు. ఇది నేను ఎన్నోసార్లు నా చేత్తోనే రాశాను కానీ ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. రెండు రోజుల్లో పేరా రాసి పెడతాను.

ఒక చిన్న సందేహం. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఫీజులో సగం మాఫీ అని మెయిల్ వచ్చింది, రెండు వారాల్లో డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకోమంటున్నారు. మంచి పేరున్నదే. వదులుకోవడం తప్పవుతుందా?

తిరుగుటపా

చెల్లెమ్మా, ఆ సగం మాఫీ గురించే రాయాలని లాగిన్ అయ్యాను. నేను అలాంటిదే తీసుకుని వెళ్లాను. సగం ఫీజు పోయింది కదా అని సంతోషపడ్డాను. మిగిలిన సగం, అద్దె, వీసా ఫీజు, ఆరోగ్య బీమా, విమానం, ఇవన్నీ అప్పే. చదువైపోయాక నాకు నచ్చిన ఉద్యోగం ఒక చిన్న సంస్థలో దొరికింది, శరణార్థులకు న్యాయసలహా ఇచ్చే పని. జీతం తక్కువ. వాయిదాలు కట్టలేక దాన్ని వదిలేసి, ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరాను. నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాను. ప్రజాసేవ కోసం చదివిన చదువు, దాని అప్పు తీర్చడానికే ప్రజాసేవ వదలాల్సి వచ్చింది. నీకు అలా జరగకూడదు. నువ్వు మొదటి పోస్టులో "పూర్తి స్కాలర్‌షిప్ వస్తేనే" అన్నావు. ఆ మాట మీదే ఉండు. డిపాజిట్ కట్టకు.

పూర్తి స్కాలర్‌షిప్ అన్నా కూడా మూడు విషయాలు చదువుకో. ఒకటి, మొదటి నెల. నాతో చదివిన ఒకతనికి పూర్తి స్టైపెండ్ వచ్చింది, కానీ బ్యాంకు ఖాతా తెరిచి, రిజిస్ట్రేషన్ పూర్తయి, డబ్బు చేతికి అందేసరికి అయిదు వారాలు పట్టింది. ఇంటి అడ్వాన్సు, దుప్పటి, ఫోను సిమ్ము అన్నీ మేం నలుగురం తలాకొంత వేసి కొనిచ్చాం. ఆ అయిదు వారాలకి సరిపడా ఎంతో కొంత చేతిలో ఉంచుకోవాలి.

రెండు, తిరిగి రావాలన్న షరతు. చెవనింగ్ అయితే చదువవగానే స్వదేశానికి వచ్చి కనీసం రెండేళ్లు ఉండాలి. ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్లేవాళ్లది జె-1 వీసా. దానికీ రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం ఉంది, అది తీరకుండా అక్కడి వర్క్ వీసా, గ్రీన్ కార్డు అడగడానికి లేదు. ఇదేదో శిక్షలా చూస్తారు కొందరు. నీ విషయంలో మాత్రం ఇది మంచిదే అనిపిస్తుంది నాకు. మీ కేంద్రానికి వచ్చే ఆడవాళ్లు ఇక్కడే ఉన్నారు, చదువుకుని వచ్చి నువ్వు కలవాల్సింది వాళ్లనే కదా. అయితే వెళ్లే ముందే తెలిసి వెళ్లాలి.

మూడు, జర్మనీ. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మన్ సంస్థ డిఎఎడి వాళ్ల హెల్ముట్ ష్మిట్ ప్రోగ్రామ్ ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. పబ్లిక్ పాలసీ, సుపరిపాలన మీద మాస్టర్స్, అభివృద్ధి చెందుతున్న దేశాల వాళ్ల కోసం. ఎర్ఫర్ట్‌లోని విల్లీ బ్రాంట్ స్కూల్ అందులో ఒకటి. చదువు మొదలవకముందే కొన్ని నెలలు జర్మన్ భాష నేర్పిస్తారు, ఆ ఖర్చూ వాళ్లదే. చివరి డిగ్రీ అయి ఆరేళ్లు దాటకూడదు. నువ్వు ఏడాది రెండేళ్లు పనిచేసి రాస్తే సరిగ్గా అతుకుతుంది.

ఇంకోటి, ఐక్యరాజ్యసమితి ఇంటర్న్‌షిప్ వస్తే గొప్ప అని అందరూ అంటారు. సచివాలయంలో ఇంటర్న్‌లకి జీతం ఉండదు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో సొంత డబ్బుతో ఉండగలిగినవాళ్లకే అది నడుస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎల్ఓ, మాత్రం తన ఇంటర్న్‌లకి స్టైపెండ్ ఇస్తుంది. నీ విషయం కూడా వాళ్లదే. అక్కడ కన్నేసి ఉంచు. 32 ఏళ్లు మించనివాళ్లకి ఐక్యరాజ్యసమితి సచివాలయ ఉద్యోగాల కోసం యువ వృత్తినిపుణుల పరీక్ష, వైపీపీ, కూడా ఉంది. ఏటా కొన్ని దేశాల వాళ్లనే రాయనిస్తారు, ఆ జాబితా మారుతుంటుంది. దానికి నీకు ఇంకా పదేళ్లకు పైగా టైముంది. ఆ లోపు ఫ్రెంచ్ నేర్చుకుంటే జెనీవాలో చాలా తలుపులు తెరుచుకుంటాయి.

వలసపక్షి_21

అన్నా, ఆ నాలుగేళ్ల సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయాను. ఇవాళ పొద్దున్నే ఆ విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టాను, డిపాజిట్ కట్టలేనని, పూర్తి సాయం ఏదైనా ఉంటే తెలపమని. ఇంకా జవాబు రాలేదు.

అక్కా, పేరా ఇది:

"మా ఫారంలో 6వ ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోతుంది. ఒప్పందం ప్రకారం మీ జీతం ఎంత అని అడుగుతాను. ఎదురుగా కూర్చున్నామె నా మొహం వంక చూస్తుంది. ఆమె సంతకం పెట్టింది, కానీ ఏమిటో చదవలేదు, చదవగలిగే భాష కాదు. నేను 'తెలియదు' అని రాస్తాను. 2011లో ఐఎల్ఓ చేసిన 189వ ఒడంబడిక ఇంటిపనివారికి పని షరతులు అర్థమయ్యేలా చెప్పాలంటుంది, దేశం దాటకముందే రాతపూర్వక ఒప్పందమో పని ప్రతిపాదనో చేతికివ్వాలంటుంది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకునే హక్కు వాళ్లదంటుంది. జెనీవాలో రాసిన ఆ మాటలకీ మా బల్ల మీది 6వ ప్రశ్నకీ మధ్య ఏం జరిగిందో నాకు తెలుసుకోవాలని ఉంది. మేము ఈ మధ్య మా ఫారం మార్చాము. మేము వెళ్లబోయేవాళ్ల కోసం శనివారాలు ఒక గంట కేటాయించాము. మేము వాళ్ల ఒప్పందాలు ఫోటో తీసి, చదివి వినిపిస్తున్నాము."

నల్లబల్ల_మాస్టారు

189వ ఒడంబడిక 2013 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఆ సంవత్సరం కూడా చేర్చు. దాన్ని ఆమోదించిన దేశాలకే అది కట్టుబాటు. మీ కేంద్రానికి వచ్చేవారు వెళ్లిన దేశాల్లో ఎన్ని ఆమోదించాయో ఐఎల్ఓ వెబ్‌సైట్‌లో చూసుకుని ఆ సంఖ్య రాయి. నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది, మిగతా సగానికి నీకు మాస్టర్స్ ఎందుకు కావాలో కూడా తెలుస్తుంది. చాలా బాగా రాశావమ్మా.

శిబిరం_డైరీ

చెల్లీ, రెండుసార్లు చదివాను. "నా పెన్ను ఆగిపోతుంది" దగ్గర నాకు ఆ ఉబ్బిన రిజిస్టర్ గుర్తొచ్చింది. పై భాగంలో ఒక్క అక్షరం కదపకు.

చివరి మూడు వాక్యాలే చూడు. మూడూ "మేము" అని మొదలవుతున్నాయి. ఎంపిక చేసేవాళ్లు కేంద్రాన్ని పంపించరు, నిన్ను పంపిస్తారు. ఫారం మార్చాలని ఎవరన్నారు? శనివారం ఆ గంట ఎవరు కూర్చుంటున్నారు? ఫోటోలు ఎవరు తీస్తున్నారు?

వలసపక్షి_21

ఫారం మార్చమని అడిగింది మా లాయర్ మేడం అక్కా, 6వ ప్రశ్న పక్కన "ఒప్పందం ప్రతి ఉందా, ఏ భాషలో?" అని చేర్పించారు. శనివారం గంట ఆలోచన నాది. మొదటి వారం ఎవరూ రాలేదు, రెండో వారం ఇద్దరు వచ్చారు. ఫోటోలు నేనే తీస్తాను. మొన్న ఒకామె కాగితం చదివి వినిపిస్తుంటే, జీతం గడి ఖాళీగా ఉందని కనపడింది. ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. ఆ కాగితం తీసుకుని ఏజెంటు దగ్గరికి వెళ్లి, అంకె వేయించుకుని వచ్చింది.

ఇది రాయాలన్నమాట. రేపు మేడం దగ్గరికి వెళ్తున్నాను లేఖ అడగడానికి, ఒక పేజీ కాగితం తయారుగా ఉంది.